బీటవారిన బౌల్

మార్చి 3, సోమవారం

నిన్నటి పొద్దున్న కళ్ళముందు నుంచి పోవడం లేదు. రోజూలాంటి పొద్దున్నే. హాల్ ఊడ్చి, తడిబట్ట పెట్టి, మ్యాట్లు పరిచాను. కర్టెన్లు సగం వేశాను. తమ్ముడు తన టిబెటన్ బౌల్స్, ఆ మోగే కంచు గిన్నెలు, పేర్చుకున్నాడు. పెద్దది ఎడమ మోకాలి పక్కన, చిన్నవి కుడివైపు. ధ్యానానికి వచ్చినవాళ్ళు వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నారు. నేను వెనక గోడకు ఆనుకుని మనసులో ప్రార్థన మొదలుపెట్టాను. తమ్ముడు తోలు చుట్టిన కర్రతో పెద్ద బౌల్ అంచు చుట్టూ రాశాడు. గుంయ్‌మని మోత లేచి గదంతా నిండింది. తర్వాత మధ్య బౌల్ కొట్టాడు.

జర్రుమంది. రేకు డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు. బౌల్ బీటవారితే అలాగే మోగుతుంది. ఆ చప్పుడు విన్నాక దాన్ని ఇంకెవరూ వాయించరు. తమ్ముడు మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పడుకున్నవాళ్ళు ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. వాడి ముఖం మాత్రం ప్రశాంతంగా ఉంది.

వెళ్ళేటప్పుడు టైలరమ్మ నా చెవి దగ్గరికొచ్చి, ఏంటక్కగారూ, ఇవాళ ధ్యానమా, పాత సామాన్ల బండా అంది. నవ్వాను. ఆ చప్పుడు వాడికి వినపడలేదని అప్పుడు తట్టింది.

మార్చి 5, బుధవారం

చెవులు చూపించుకోమని తమ్ముడికి చెప్పాను. పకపకా నవ్వాడు. పెద్ద బౌల్ ఒళ్ళో పెట్టుకుని రాసి, ఇదిగో, ఎముకల్లోకి వినిపిస్తోంది, వినడమే నా పనైతే నాకు వినపడదంటావేంటక్కా అన్నాడు. వాడు అటు తిరిగాక, సన్నగా, చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచాను.

తిరగలేదు.

మార్చి 9, ఆదివారం

ప్రార్థనలో కూర్చుంటే కుదురు చిక్కడం లేదు.

మార్చి 10, సోమవారం, రాత్రి 9

మధ్యాహ్నం మరదలు ఆఫీసులో ఉంది. నేను మందుల షాపుకు వెళ్ళాను. వాళ్ళ పాప తమ్ముడి దగ్గరుంది. తిరిగొస్తుంటే మెట్ల మీదికే ఏడుపు వినబడింది. నాలుగేళ్ళ పిల్ల బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది, తీయడం రాలేదు. ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో, గొంతు బొంగురుపోయింది. పక్క గదిలోనే తమ్ముడు మెత్తని గుడ్డతో బౌల్స్ తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి, వచ్చావా అక్కా, టీ తాగుదామా అన్నాడు.

చెయ్యి పట్టి లాక్కెళ్ళి బాత్రూం తలుపు చూపించాను. భుజంతో గుద్ది గడియ ఊడగొట్టాడు. పాపను ఒళ్ళో వేసుకుని తడి నేల మీదే కూలబడ్డాడు. పిల్ల ఏడుస్తూనే ఉంది. దాని గొంతు మీద వేళ్ళు ఆనించాడు. అప్పటికి గాని ఏడుపు ఎంత గట్టిదో వాడికి తెలియలేదు.

మరదలు వచ్చాక అరవలేదు. అరిస్తే బాగుండేది. ఈ గిన్నెలకు పుట్టిన పిల్ల కాదు కదా వదినా, నాకు పుట్టింది అంది, అంతే.

మార్చి 12, బుధవారం

డాక్టర్ తేల్చి చెప్పాడు. సన్నటి శబ్దాలన్నీ పోయాయట. లావుపాటివి మిగిలాయి, అందుకే పెద్ద బౌల్ మోత వినిపిస్తోంది. చెవి మిషన్ పెట్టుకుంటే సరిపోయే దశ దాటిందట. ఆపరేషన్ చేసి లోపల పరికరం పెడితే సాధన మీద మాటలు తెలుస్తాయి, పాప పిలుపు తెలుస్తుంది. కానీ ఆ చెవిలో మిగిలిన కాస్త వినికిడి పోవచ్చు. బౌల్ ఇక బౌల్‌లా వినబడకపోవచ్చు. ఇవన్నీ ఆయన కాగితం మీద రాసి చూపించాడు.

తమ్ముడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దారిలో, ఎంతమందికి నెమ్మది ఇచ్చాయక్కా నా బౌల్స్, నాకివ్వవా అన్నాడు.

మార్చి 14, శుక్రవారం

తమ్ముడు హాల్ తలుపులు వేసుకుని పొద్దుటి నుంచీ అక్కడే. నెత్తిమీద బౌల్ బోర్లించుకుని తనే కొట్టుకుంటున్నాడు. నేను వెళ్తే చిన్న బౌల్ నా చేతిలో పెట్టాడు. చెవి దగ్గర కొట్టక్కా అన్నాడు. కొట్టాను. కొట్టవేంటక్కా అన్నాడు. గట్టిగా కొట్టాను. నా చెవులు గింగురుమన్నాయి. వాడు కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూనే ఉన్నాడు. మొదలుపెట్టవే, ఆట పట్టిస్తావేంటి అన్నాడు.

దేవుడా, ఈ వయసులో నేను కొత్తగా వినాల్సింది ఏముంది? నా చెవులు తీసుకో. వాడికిచ్చెయ్. ఇంతకంటే ప్రార్థన నాకు రావడం లేదు.

మార్చి 16, ఆదివారం

సాయంత్రం చెల్లెలు కూడా వచ్చింది. అందరం కూర్చుని నిర్ణయించాం. కుడి చెవికి ఆపరేషన్. అప్పటిదాకా పాపను వాడి దగ్గర ఒంటరిగా వదలకూడదు. హాల్ ఈ నెలాఖరుకి మూసేయాలి. ఆవేశంలో ఒకరి మాట మీద ఒకరం మాట్లాడాం. నేనూ మాట్లాడాను. తమ్ముడు అందరి ముఖాలూ చూస్తూ తల ఊపాడు. ఒప్పుకున్నాడని ఊపిరి పీల్చుకున్నాం.

చెల్లెలు చెప్పులు వేసుకుంటుంటే నా పక్కకొచ్చి కూర్చున్నాడు. ఏమనుకున్నారక్కా అని అడిగాడు.