గంట ముందు రావద్దు

చిరంజీవి తూనీగకు,

అక్క బోలెడు ముద్దులతో, దీవెనలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ బావా, ఆయన కుట్టుమిషనూ ముగ్గురం కులాసా. మిషను మాత్రం ఈమధ్య కాస్త మూలుగుతుంటే నూనె వేశాం. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. వానలో తడుస్తూ తిరగకు.

నీ ఉత్తరం బుధవారం అందింది. మీ బావ చొక్కా కత్తిరింపు మధ్యలో ఆపి నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. ఇక చూడు, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరికీ మీ రాజధాని గురించి ఒకటే ఉపన్యాసం. నది మీద పడవలు సిటీ బస్సుల్లా స్టాపు స్టాపుకీ ఆగుతాయట, నెత్తి మీద స్తంభాల పైన రైళ్ళు పోతాయట, తెల్లారేసరికి వీధి వీధంతా పూల బుట్టలేనట. ఒకాయన ముచ్చటపడి "ఎప్పుడెళ్ళొచ్చారు మాస్టారూ?" అని అడిగాడు. సిగ్గుపడాల్సింది పోయి "మా మరదలుంది కదండీ అక్కడ" అన్నాడు. అదేదో తను వెళ్ళొచ్చినంత పని అయినట్టు!

నువ్వడిగినవాటికి ముందు జవాబులు రాసేస్తాను, లేకపోతే మర్చిపోతాను. నా మోకాలు బాగానే ఉంది. రోజూ సాయంత్రం కొత్త బూట్లు వేసుకుని డిపో చుట్టూ నాలుగు రౌండ్లు నడుస్తున్నాను. డ్రైవర్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి "మేడమ్, ఏ రూటు?" అని వేళాకోళం చేస్తున్నారు. మీ బావకు ఎత్తంటే భయమా అని అడిగావు. మేం అక్కడికి వచ్చినప్పుడు మీ ఊళ్ళో ఆ డెబ్బై అంతస్తుల అద్దాల మేడ పైకెక్కి కిందకి చూస్తానని అందరికీ చెప్పుకుంటున్నాడు. నిన్న బల్బు మార్చడానికి స్టూలెక్కి "పట్టుకో, పట్టుకో" అని ఇల్లు అదిరిపోయేలా కేకలు పెట్టాడు. నువ్వే అర్థం చేసుకో.

పాస్‌పోర్టు కోసం చొక్కాకి లోపలి జేబు కూడా కుట్టుకున్నాడు. ఎంత లోపల కుట్టాడంటే, అది బయటికి తీయాలంటే చొక్కా విప్పాలి. "విమానాశ్రయంలో ఆఫీసర్ల ముందు విప్పుతారా?" అన్నాను. "దొంగవాడు విప్పలేడుగా!" అన్నాడు. ఇంక ఏం మాట్లాడతాం?

నేను పంపిన ప్లానులో భోజనానికి ఇరవై నిమిషాలేనా అని నవ్వావు. ఏం చెయ్యనే! ఇరవై ఆరేళ్ళుగా డిపోలో కూర్చుని బస్సుల టైమ్ టేబుళ్ళు వేసిన చెయ్యి. డ్రైవర్ల భోజనానికిచ్చే ఇరవై నిమిషాలూ దానంతటదే రాసేసింది. ఇప్పుడు గంట చేశాను. లైబ్రరీ నుంచి ఆగ్నేయాసియా పటం తెచ్చి గోడకి తగిలించాను. మీ నది వంపులన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఆరు రోజులు, పాత రాజభవనం, మ్యూజియం, పూల మార్కెట్టు, పడవ ప్రయాణం, దేనికి ఎన్నింటికి చేరాలి, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు బయల్దేరాలి అన్నీ వేశాను. రోజూ నాలుగింటికి వాన ఠంచనుగా దిగిపోతుందని రాశావు కదా, దానికో నలభై నిమిషాలు ఇచ్చాను. మా మేనేజరుగారు ఆ కాగితం చూసి "వానకి కూడా డ్యూటీ వేశారా గడియారమ్మగారూ!" అని పడీ పడీ నవ్వారు. డిపోలో నన్ను అందరూ పిలిచే పేరు అదేగా.

అన్నిటికన్నా ముందు ఏం చూస్తావని అడిగావు. రాజభవనం కాదు. ఆ మేడ కూడా కాదు. నువ్వు గీసిన బోర్డు చూస్తాను. పడవల రేవు దగ్గరి స్టేషన్లో వేలాడేది, ఫొటో పంపావే, అది. రైలు దిగినవాళ్ళు నదికి ఎటు వెళ్ళాలో, వీధిలోకి ఎటు వెళ్ళాలో చెప్పే ఆ బాణాలు. ఆ ఫొటోలో ఒక ముసలావిడ సంచీ పట్టుకుని తలెత్తి బోర్డు చూస్తోంది. ఆవిడ మొహంలో కంగారు లేదు. ఎవరినీ అడగలేదు. ఎటు పోవాలో ఆవిడకి తెలిసిపోయింది. అన్ని లక్షల మంది ఉరుకులు పరుగులు పెట్టే ఊళ్ళో, భాష రానివాళ్ళను కూడా చెయ్యి పట్టుకుని నడిపించే పని నా చెల్లెలు చేస్తోందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. చిన్నప్పుడు నువ్వు వంటింటి నుంచి పెరట్లోకి గోడ పొడవునా బొగ్గుతో బాణాలు గీస్తే నీ వీపు మీద నాలుగు వాయించాను. ఆ గోడని అలాగే ఉంచాల్సింది.

ఇంతవరకూ రాసి లేచి వెళ్ళి టీ పెట్టుకుని తాగొచ్చాను. నీ ఉత్తరంలో చివరి మాట నన్ను మూడు రోజులుగా కుదురుగా కూర్చోనివ్వడం లేదు. "విమానం ఎన్నింటికి దిగినా నేను గంట ముందే వచ్చి కూర్చుంటాలే అక్కా. ఆ బస్సు పోగొట్టుకున్నప్పటి నుంచి నాకదే జబ్బు కదా" అని రాశావు.

తూనీగా, ఆ బస్సు నువ్వు పోగొట్టుకోలేదు. నేనే నీకు దక్కకుండా చేశాను.

పదకొండేళ్ళ కిందట మీ కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూలకని మన పక్క నగరానికి వచ్చారు. ముందు రోజు సాయంత్రం నువ్వు గుమ్మంలో నిలబడి "అక్కా, రేప్పొద్దున బస్సు ఎన్నింటికే?" అని అడిగావు. నేను నువ్వు మర్నాడు వేసుకోవాల్సిన బట్టలే ఇస్త్రీ చేస్తున్నాను. తలెత్తకుండా "ఏడుంపావు" అన్నాను. అది ఆరుంపావు బస్సు. ఆ టైము వేసిందే నేను. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పను. తెలిసే చెప్పాను.

పొద్దున ఏడింటికి నవ్వుకుంటూ వెళ్ళావు. ఎనిమిది కాకుండానే తిరిగొచ్చావు. తర్వాతి బస్సు పదిన్నరకి, వాళ్ళేమో పదింటికే తలుపు మూసేస్తామన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు నువ్వు. "అక్క టైము తప్పు చెప్పదు. ఆరుంపావనే చెప్పుంటావు, నా మతిమరుపు బుర్రే తారుమారు చేసింది" అని నీ నెత్తి నువ్వే మొట్టుకున్నావు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. మంచినీళ్ళిచ్చి ఊరుకున్నాను.

అమ్మ పోయాక నిన్ను నేనే జడలేసి పెంచాను. నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో పోట్లాడే మనిషి కూడా ఉండదని భయమేసింది. అంత దూరంలో నువ్వు ఇబ్బంది పడతావని, అంతా నీ మంచికేనని అప్పట్లో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. నా కోసమే చేశాను. మరుసటేడు వాళ్ళు మళ్ళీ వచ్చారు, నువ్వు నెగ్గావు. అది నీ గొప్పతనం. వాళ్ళు రాకపోయి ఉంటే ఆ ముసలావిడకి దారి చూపే బాణం ఇంకెవరో గీసేవాళ్ళు. ఒక ఏడాది పోతే పోయింది, నీ బుర్ర మీద నీకున్న నమ్మకం కూడా తీసేశాను. సినిమాకైనా, పళ్ళ డాక్టరు దగ్గరికైనా గంట ముందే వెళ్ళి కూర్చుంటున్నావు. అలా ఎన్ని గంటలు కూర్చున్నావో లెక్కేద్దామని మొదలుపెట్టి, చేతకాక మానేశాను.

మీ బావకి ఆ రోజుల్లో చెప్పలేదు. మొన్ననే చెప్పాను. కుడుతున్న చొక్కా మిషను మీంచి తీసి పక్కన పెట్టాడు. తర్వాత "ముందు ఆ పిల్లకి ఉత్తరం రాయి. టిక్కెట్లు తర్వాత కొందాం. ఇది కడుపులో పెట్టుకుని అక్కడికెళ్ళి దాని మొహం ఎలా చూస్తావు?" అన్నాడు. నిజమే కదా.

అందుకే టిక్కెట్లు ఇంకా కొనలేదు. నీకు కోపం రావాలి, రానీ. తిట్టాలనిపిస్తే తిట్టు, నేను పడతాను. కొన్నాళ్ళు ఉత్తరం రాయబుద్ధి కాకపోతే రాయకు. రావద్దంటే రాము. గోడ మీద పటం మాత్రం తీయను, అది చూసుకుంటూ ఉంటాను.

రమ్మంటే, విమానం దిగే టైము రాసి పంపుతాను. పక్కన మీ బావ చేత సాక్షి సంతకం కూడా పెట్టిస్తాను. నువ్వు గంట ముందు రావద్దు. ఇంట్లో నిదానంగా తల దువ్వుకుని, టీ తాగి, తీరిగ్గా బయల్దేరు. ఆలస్యమైనా ఫరవాలేదు. ఈసారి నేను కూర్చుని ఎదురుచూస్తాను.

ఇట్లు,
నీకు తప్పు టైము చెప్పిన
నీ అక్క