చర్చి గంట మోగించిన రోజు

బందరు, గురువారం రాత్రి

కాళ్ళు లాగేస్తున్నాయి. ఉప్పెన వస్తే బజారు జనాన్ని ఎలా తరలించాలో ఇవాళ మధ్యాహ్నం చేసి చూశాం. చర్చి గంట మోగగానే అందరూ హైస్కూలు మేడకి నడవాలని మునిసిపాలిటీ తరఫున నిన్ననే టముకు వేయించాను. గంట దగ్గరుండి నేనే మోగించాను.

ఒక్కరూ హైస్కూలు వైపు వెళ్ళలేదు. అందరూ చర్చికే వచ్చారు. చర్చి సందులో బళ్ళూ మనుషులూ కదల్లేకుండా ఇరుక్కుపోయారు. వేళకాని వేళ ఆ గంట మోగిందంటే ఎవరో పోయినట్టే. ఆ సంగతి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ప్లాను రాసేటప్పుడు మాత్రం తట్టలేదు.

పూలమ్మే మరియమ్మ శవం మీదికని బంతిపూలు కొంగులో పోసుకుని రొప్పుతూ చర్చి మెట్లెక్కింది.

"ఎవరు పోయారండీ?"

"ఇంకా ఎవరూ పోలేదమ్మా."

నా మొహం వైపూ, సందులో ఇరుక్కున్న జనం వైపూ చూసింది. పూలు వెనక్కి పట్టుకెళ్ళలేదు. నా పక్కనే మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.