కుసం ఎక్కని గిన్నె

కరుణామయుడైన అల్లా పేరు తలుచుకుని మొదలుపెడుతున్నాను.

నేను రుబియాతిని. కీర్తిశేషులు జువండి గారి భార్యను. వయసు యాభై, చదువు హైస్కూలు. యోగ్యకర్తలోని కోటగెడె పేటలో, పెద్ద మసీదు వెనక సందులో ఉన్న వెండి దుకాణం నాది. వచ్చే సోమవారం హజ్ యాత్రకు బయలుదేరుతున్నాను కాబట్టి, పెద్దలు చేసినట్టే వెళ్లేముందు ఈ వీలునామా రాస్తున్నాను. తెలివి సరిగా ఉంది. ఒళ్లు బాగానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. మనసు మాత్రం నిలకడగా లేదు. అది దాచి సంతకం పెడితే అబద్ధమవుతుంది. ఎందుకు నిలవడం లేదో నాలుగో అంశంలో రాశాను.

ఇంతకు ముందు ఎవరికేమి ఇస్తానని నోటిమాటగా అన్నా అవి చెల్లవు. ఈ కాగితం అమలు చేసే బాధ్యత నా తమ్ముడు జుమాదీది. తమ్ముడూ, నీకు తొందర ఎక్కువ. ప్రతి అంశం రెండుసార్లు చదువు.

1. ఇల్లు, దుకాణం, పనిముట్లు నా కొడుకు ఫతోనీకి, కూతురు ఇస్నైనీకి మన ధర్మం చెప్పిన వాటాల ప్రకారం చెందుతాయి. అందులో నేను మార్చేదేమీ లేదు. బయటివాళ్లకు ఇస్తున్నది మొత్తం ఆస్తిలో మూడో వంతు దాటదు. మా మసీదు గురువు హాజీ మస్దుకీ గారు చూసి సరేనన్నారు. ఇందులో ఏదైనా పుచ్చుకునే మనిషి దీనికి సాక్షి కాకూడదని కూడా ఆయనే చెప్పారు.

2. నమాజుకు కప్పుకునే నా పాత తెల్లబట్ట ఇస్నైనీకి. వాటా కాక విడిగా ఇస్తున్నందుకు వాళ్ల అన్న ఒప్పుకున్నాడు. "కుసం అయిపోయిందే అమ్మా, పారేసి కొత్తది కుట్టించుకో" అని మూడేళ్లుగా పోరుతోంది. పారేయకు తల్లీ. నువ్వు నడక నేర్చే రోజుల్లో, నేను నేలకు నుదురు ఆనించగానే వీపెక్కి గడ్డం దగ్గర బట్ట పట్టుకుని లాగేదానివి. ముందుగా కళ తప్పింది ఆ చోటే.

పనసకాయ గుదెగ్ కూర వండే మట్టికుండ నా ఆడపడుచు మార్డియాకు. నా పెళ్లిరోజున వంటింట్లో ఆమె అన్న మాట నాకింకా గుర్తుంది. "మా అన్నయ్య వెండి పనివాడు కదా, కుసం పిల్లని తెచ్చుకున్నా తోముకుంటాడులే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవై ఎనిమిదేళ్లయింది. క్షమించాను మార్డియా, మర్చిపోలేదు. కుండ మాత్రం మంచిది, అడుగంటదు.

3. ఈ కాగితంలో కుసం అన్న మాట పదేపదే వస్తుంది. తర్వాత ఎవరూ వాదించుకోకుండా దాని అర్థం ఇక్కడ రాస్తున్నాను.

ఒకప్పుడు మెరిసి, ఇప్పుడు మెరుపు తగ్గినదాన్ని కుసం అంటాం. మురికి వేరు. మురికి బయటి నుంచి అంటుతుంది, నీళ్లు పోస్తే పోతుంది. తుప్పు వేరు, తుప్పు వస్తువును తినేస్తుంది. కుసం ఎక్కిన వెండి లోపల ఎప్పటిలాగే ఉంటుంది, పైన గాలి తగిలి మసకబారుతుంది, అంతే. రాయిని, మట్టికుండను కుసం అనకూడదు, అవి ఎప్పుడూ మెరవలేదు కాబట్టి. నిద్రలేని ముఖాన్ని అంటాం. చాలాసార్లు ఉతికిన బతిక్ చీరను అంటాం. జనం నడిచి నడిచి అరిగిన గచ్చును అంటాం. మంచి పేరు పోయిన మనిషిని కూడా అంటాం. ఆ చివరి వాడకం నేను కూడా చేశాను. ఇకమీదట నా ఇంట్లో ఎవరూ చేయకూడదు.

మా పేటలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. వెండి అయితే కుసం ఎక్కాలి. ఏళ్ల తరబడి తళతళలాడుతూనే ఉంటే అది వెండి కాదు, తెల్ల లోహం.

4. ఇది రాయడానికి కూర్చున్నాక మూడుసార్లు లేచి గేటు దాకా వెళ్లొచ్చాను. ఎవరూ లేరు.

పొనిరా మా దుకాణంలో పద్నాలుగేళ్లు పనిచేసింది. మా ఐదు రోజుల సంత వారంలో పొన్ అనే రోజున పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టారు. కుంకుడుకాయ నురగతో ఆమె వెండి కడిగితే గీత పడేది కాదు. నా భర్త పోయాక, మన ధర్మం విధవకు పెట్టిన గడువు ప్రకారం నాలుగు నెలల పది రోజులు నేను ఇల్లు కదల్లేదు. దుకాణం మూసే ఉంది, తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి. గడువు తీరి బయటికొచ్చి బీరువా తెరిచాను. అన్నిటికీ కుసం ఎక్కింది. మా అమ్మ నాకిచ్చిన గిన్నె, అంచున తామరపూలు చెక్కిన గిన్నె, ఒక్కటే మెరుస్తోంది. ఎవరో అసలుది తీసి తెల్ల లోహపుది పెట్టారనుకున్నాను. ఎవరో అని ఎందుకు రాయాలి? పొనిరా అనుకున్నాను.

"గీటురాయి మీద పెట్టి చూడండమ్మా" అని ఆమె అడిగింది. "నా కళ్లు చాలు" అన్నాను. "గిన్నెకు ఎక్కాల్సిన కుసం నీ మనసుకు ఎక్కింది" అని కూడా అన్నాను. అది లెగీ రోజు, మా పేట పెద్ద సంత, దుకాణం ముందు జనం నిండుగా ఉన్నారు. నేను గొంతు పెంచే మనిషిని కాదు. ఆ రోజూ పెంచలేదు. మెల్లగా అన్నాను కాబట్టే అందరూ నమ్మారు. ఆ తర్వాత కోటగెడెలో ఏ వెండి దుకాణమూ ఆమెకు పని ఇవ్వలేదు. పదకొండేళ్లుగా ఇమొగిరి దారిలో ఉడికించిన కర్రపెండలం అమ్ముకుంటోంది.

ఈ కాగితం కోసం వస్తువులు చూసుకుంటూ నకిలీదనుకుని మూటగట్టి పడేసిన ఆ గిన్నెను పోయిన నెల విప్పాను. అంచున గోరంత మేర సన్నటి పొర లేచి ఉంది. దాని కింద కుసం ఎక్కింది. పసుపు, గోధుమ, ఆపైన నీలి నలుపు. కుసం కనిపిస్తే కుంకుడుకాయ కోసం వెళ్లే చెయ్యి నాది. ఆ రోజు గీటురాయి కోసం వెళ్లింది. గీసి చూశాను. అచ్చమైన వెండి.

అప్పుడు గుర్తొచ్చింది. నా భర్త చివరి రంజాన్‌లో మంచం పట్టకముందు వెనక షెడ్డులో కూర్చునేవాడు. ఏదో ఘాటు వాసన వచ్చేది. "నువ్వు తోమి తోమి మీ అమ్మ తామరపూలన్నీ చదును చేసేస్తున్నావు రుబీ, ఏదో ఉపాయం చేస్తాలే" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. రంగులేని వార్నిష్ పూశాడు. పొర ఊడేదాకా గాలి లోపలికి పోలేదు. ఆయన నాకు చేసిన చివరి పనిని నేను దొంగతనం అనుకున్నాను.

కాబట్టి ప్రకటిస్తున్నాను. పొనిరా నా ఇంటి నుంచి గడ్డిపోచ కూడా తీసుకోలేదు. తప్పు నాది. అల్లా ఇంటికి వెళ్లేవాళ్లు ముందు మనుషుల దగ్గర క్షమాపణ అడిగి వెళ్లాలి. పోయిన వారం నన్ను సాగనంపే విందుకు పేటంతా వచ్చింది, ఆమె రాలేదు. నేనే ఆమె ఇంటికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి సంతకు వెళ్లిందన్నారు. రెండోసారి చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి, తలుపు తీయలేదు. మూడోసారి తలుపు వెనక నుంచి మాట వినిపించింది. "కుసం ఎంత ఎక్కిందో చూసిపోదామని వచ్చారా అమ్మా? వెళ్లండి, మీ యాత్రకు ఆలస్యమవుతుంది."

ఆమె క్షమించకుండా విమానం ఎక్కితే నా యాత్ర ఏమవుతుందో నాకు తెలియదు.

5. ~~తామరపూల గిన్నె పొనిరాకు చెందాలి. ఏ షరతూ లేదు.~~

ఐదో అంశం కొట్టివేత నాదే. దాని బదులు ఇది చదవాలి.

బుధవారం రాసిన కాగితం నకలు నిన్న జుమాదీ ఆమె గుమ్మంలో పెట్టి వచ్చాడు. ఈ రోజు జుమా నమాజు అయ్యాక పొనిరా వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "గిన్నె ఇచ్చి చేతులు దులుపుకుందామనుకుంటున్నారా? నాకొద్దు. పుచ్చుకుంటే సాక్షి కాకూడదటగా. నేను సాక్షినే అవుతాను. ముందు ఆ నాలుగోది దుకాణం బయట నిలబడి చదవండి. మెల్లగా కాదు."

చదివాను. గొంతు పెంచడం నాకు చేతకాదు, రెండుసార్లు జీరబోయింది. ఎదురు దుకాణం వాళ్లు, మసీదు నుంచి వస్తున్నవాళ్లు ఆగారు. "ఆ చివర ఉన్నవాళ్లకు వినపడలేదు" అంది. మళ్లీ మొదటి నుంచి చదివాను.

క్షమించావా అని అడిగాను. "వెళ్లి రండి ముందు. వచ్చాక చూద్దాం" అంది.

గిన్నె దుకాణం అద్దాల బీరువాలో ముందు వరుసలో ఉండాలి. మిగిలిన వార్నిష్ పొనిరా తీసేస్తుంది. కుసం నిండా ఎక్కేదాకా నా వారసులెవరూ దాన్ని తోమకూడదు.

తేదీ: 12 జూలై 2019, శుక్రవారం, పొన్ రోజు. కోటగెడె.

సంతకం: రుబియాతి

సాక్షులు:
1. హాజీ మస్దుకీ, మసీదు గురువు
2. పొనిరా. వృత్తి (స్వహస్తంతో): వెండి కడగడం