దోసెడు జొన్నలు

మాయమ్మ తిమ్మమ్మకు కొడుకు రామలింగప్ప మొక్కి రాసేది. ఈడ నా ఒళ్లు కుదురుగానే ఉండాది. నువ్వూ, మన చిన్నాయన కొడుకు చిన్నన్నా బాగుండారని తలుస్తాండా.

మద్రాసు ఆసుపత్రికి నువ్వు రాయించిన జాబు అందింది. నా మగ్గం మీద చిన్నన్న కూర్చున్నప్పటి నుంచి, నూలు కండె అందించడంలో నీ చెయ్యి తప్పుతాండాదని, కండ్లు పోయినట్టు చెవులూ పోయినాయేమోనని దిగులు పడినావు. చెవులు యాడికీ పోలేదమ్మా. నేను నేసేటప్పుడు అటూ ఇటూ ఉరికే నాడెలో నూలు అయిపోకముందే నీ చెయ్యి కండెతో ముందుకొచ్చేది. నా తొక్కుడు, నా విసురు నీ తలలో పాతుకుపోయినాయి. వాడు శానా దుడుకోడు, వాని చప్పుడు వేరే. నీ తల ఇంకా నా లెక్కే వేస్తాండాది. తప్పినప్పుడంతా రోంత దిద్దుకుంటాది. తప్పనీలే, వాన్ని తిట్టొద్దు.

ఇది నాకెట్ల తెలిసిందో రాయాలంటే కలం ముందుకు పోలేదు. లేస్తాండా, మళ్లీ కూర్చుంటాండా. చదివేది నువ్వే కదప్పా చిన్నన్నా, ఈడ ఆపొద్దు, గట్టిగా చదువు.

ముందు జాబులో నాకు జ్వరమని రాసింది అబద్ధమమ్మా. పటాలంతో పోయిన బర్మా యుద్ధంలో నా కుడికాలు మోకాలి కింద పోయింది. లేదని కండ్లకు తెలుసు, తలకు తెలీదు. మంచం దిగేటప్పుడు లేని కాలే ముందు మోపి బొక్కబోర్లా పడతాంటి. పడి పడి ఇప్పుడిప్పుడే తలకు బుద్ధొస్తాండాది.

ఇంకోటుండాది. నేనిప్పుడు మద్రాసులో లేను. కడపలో, రైలుస్టేషను దగ్గర సత్రంలో ఉండా. పోయిన శుక్రవారం మన వాకిట్లోకొచ్చి నిలబడినా. ముందైతే నేను సందు తిరగకముందే పేరు పెట్టి పిలిచేదానివి. ఆ పొద్దు చిన్నన్న ఇంట్లో లేడు, మగ్గం చప్పుడు లేదు. నువ్వు నా కర్ర చప్పుడు విని, దోసెడు జొన్నలు తెచ్చి నా పైగుడ్డలో పోసినావు. “ఇంతే ఉండాయి నాయనా, పో” అన్నావు. గింజ కింద పడకుండా గుడ్డ పట్టుకున్నా. నీ తప్పేం లేదమ్మా, ఆ చప్పుడు నువ్వెన్నడూ విన్నది కాదు. మూట కట్టుకొని వచ్చేసినా. అప్పటి నుంచి నాకు కూడు లేదు, నిద్ర లేదు.

వచ్చే శుక్రవారం మళ్లీ వస్తా. ముందు కర్ర పడతాది, రోంత జాగు, ఆ ఎనక ఒంటి అడుగు. చిన్నన్న చేత అదే వరసన కర్రతో నేల మీద కొట్టించి విను. మగ్గం ఒంటికాలితో తొక్కేది నేనూ నేర్చుకోవల్ల. అప్పుడూ నీ కండె తప్పుతాది, తప్పనీ. ఆ జొన్నలు తెస్తాండా, సంగటి చేద్దువు.

ఈసారి కర్ర చప్పుడు వింటే గింజల కోసం లోపలికి పోవద్దు. ఉత్త చేతులతో బయటికి రామ్మా.

ఇట్లు,
నీ వాకిట్లోకొచ్చి తిరిగిపోయిన కొడుకు
రామలింగప్ప