అవ్వ ఆమెన్ అన్నది దేనికి

తిరుత్తణి, బుధవారం రాత్రి

బడి వదిలాక ఆర్.కె.పేటలో మెర్సీ వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ అవ్వ మంచం పట్టిందనీ, రాత్రిళ్ళు కన్ను మూతపడటం లేదనీ ఆ పిల్లే పొద్దున నా లాటిన్ క్లాసులో చెప్పింది. తాత పోయాక ఆ ఇంట్లో తెలుగు బైబిలు చదివేవాళ్ళు లేరు. మిగిలినవాళ్ళందరిదీ అరవ చదువే.

"మీ ఇస్కూల్లో నేర్చుకున్న ప్రార్థన చెప్పు పాపా" అంది అవ్వ.

మెర్సీ చేతులు జోడించి, కళ్ళు మూసుకుని లాటిన్‌లో అందుకుంది. రెండో మాటకే నాకు తెలిసిపోయింది. అది ప్రార్థన కాదు, రోమా చక్రవర్తుల పేర్లు. పొద్దున ప్రార్థన కాగానే, జోడించిన చేతులు దించకుండా, అదే రాగంలో ఆ పేర్లు వల్లెవేయించేది నేనే. కంగారులో పిల్ల ప్రార్థనకు బదులు ఆ పేర్లు చెప్పేస్తోంది. క్రీస్తు విశ్వాసులను చంపించినవాళ్ళూ అందులో ఉన్నారు. అవ్వ ఒక్కో పేరుకూ ఆమెన్ అంటోంది.

"బిడ్డ దేవునికాడ ఏమడిగినాది సార్?"

"నీకు నెమ్మది ఇమ్మని అడిగిందవ్వా."

మెర్సీ కళ్ళు తెరిచి నన్నే చూసింది.

కాసేపటికి అవ్వ నిద్రపోయింది. ఈ లాటిన్ చదువు ఆత్మను మేలుకొలుపుతుందని పేరెంట్స్ మీటింగులో ప్రతిసారీ చెబుతాను. మరి ఇవాళ ఆ ముసలామెను నిద్రపుచ్చింది ఏమిటో...

మెర్సీ నాతో బస్టాపుదాకా వచ్చింది.

"రేపు నిజం ప్రార్థనే చెప్తాను సార్" అంది. కొంచెం ఆగి, "దానికి అవ్వకి నిద్ర రాకుంటే ఏం చేసేది?"

బస్సు కోసమన్నట్టు రోడ్డు వైపు తిరిగాను.