ఉత్త ద్రావణిలో లేస్తున్న 386 గురించి

రసాయన పరికరాల కేంద్రం పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
అరసవల్లి వాస్తవ్యుడు, మాస్ స్పెక్ట్రోమీటర్ ఆపరేటర్ మోహనకృష్ణ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గురువారం తలపెట్టిన యంత్రశుద్ధి నిలుపుదల చేసి, ఒక రిపోర్టు సరిదిద్దుటకు అనుమతి కోరుట గురించి.

1. పరిశోధకులు తయారుచేసిన పదార్థం వారు చెప్పిన బరువులో ఉన్నదీ లేనిదీ యంత్రంలో చూసి కాగితం ఇచ్చుట నా విధి. పదకొండేళ్లుగా ఇదే పని.

2. పరిశోధక విద్యార్థిని కుమారి ఈశ్వరి మూడేళ్లు కష్టపడి చేసిన పదార్థాన్ని మూడుసార్లు తెచ్చారు. దాని అణువు బరువు 387. చీటీలో యంత్రాన్ని ఏ పద్ధతిలో నడపాలో చెప్పే ‘పాజిటివా, నెగెటివా’ అన్న గడి ఖాళీ. గడి ఖాళీగా ఉంటే పాజిటివ్‌లో నడపడం మన కేంద్రం ఆనవాయితీ. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు, నోరు తెరిచి అడిగితే నా సొమ్మేం పోయేది కాదు. అడగలేదు. మూడుసార్లూ ‘లేదు’ అని రాసి ముద్ర వేశాను. చివరిసారి ఆమె, "ఇంకోపాలి సూత్తారా సార్?" అన్నారు. వెనక నలభై సీసాలున్నాయని చెప్పి పంపేశాను.

3. ఆ నెలలోనే ఆమె జ్వరంతో చనిపోయారు. ఇది జరిగి రెండు నెలలు.

4. రోజూ నమూనాలకు ముందు, వాటిని కరిగించే ద్రవం, అంటే ఉత్త ద్రావణి, యంత్రంలోకి పంపి, గొట్టాల్లో పాత సరుకు మిగల్లేదని చూసుకోవడం పద్ధతి. పోయిన సోమవారం వేరొకరి కోసం యంత్రాన్ని నెగెటివ్‌లో పెట్టగా, ఏమీ కలపని ద్రావణిలో తెర మీద 386 దగ్గర గీత లేచింది. నెగెటివ్‌లో మాత్రమే కనబడే పదార్థాలున్నాయి; అక్కడ బరువు ఒకటి తగ్గి కనబడుతుంది. పాత చీటీలన్నీ తిరగేశాను. 387 ఒక్క ఈశ్వరిదే. గొట్టాలను అంటిపెట్టుకుని ఇన్నాళ్లూ అక్కడే ఉంది. నాకు భయంగా ఉంది అయ్యా.

5. నడిపిన ప్రతిసారీ గీత కొంత పొట్టిదవుతోంది. శుద్ధి చేస్తే బొత్తిగా పోతుంది. ఆమె తెచ్చిన సీసాలో మిగిలినది నియమం ప్రకారం నేనే పారబోశాను.

కావున తప్పు నాదేనని రాసి, ‘ఉంది’ అని ఆమె పేరున కొత్త కాగితం ఇచ్చుటకు ఉత్తర్వులు దయచేయించవలెననియు, నన్ను శిక్షించదలిస్తే ఆ తరువాతే శిక్షించవలెననియు వేడుకొనుచున్న ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మోహనకృష్ణ

తా.క.: తమ ఉత్తర్వు వచ్చేదాకా ఆగలేకపోయాను. చేపలమ్ముకునే ఆమె తల్లి తాతమ్మ గారిని ఈ ఉదయం పిలిపించి తెర ముందు కూర్చోబెట్టాను. గీత వెంట్రుకంత మిగిలింది. చాలాసేపు చూశారు.

"సేసినానమ్మా, సేసినానమ్మా అని ఎంత మొత్తుకున్నాదో బాబూ. ముద్రేసిన కాయితం కదా అని, దాని మాట నాను నమ్మనేదు," అన్నారు.

కొత్త కాగితం రాసి ఇచ్చాను. ముద్ర వేయబోతే ఆవిడే వద్దన్నారు.