తెల్ల చేమంతుల గుర్తు

అక్కా, నా ఒంట్లో కులాసానే, కంగారుపడకు. తలెత్తుకోలేకుండా ఉన్నాను, అంతే.

కిందటేడు పూత అయ్యాక, ఇక్కడి బంగళా తోటలో బాట పక్క చేమంతి దుబ్బులన్నీ తవ్వి, పిలకలు విడదీసి, తెల్లవి ముందు వరసలో, పసుపువి వెనక నాటాం. మోళ్లు కొట్టాక ఏది ఏ రంగో తెలీదు కదా, అందుకని పెద్దమాలి తాత పూలున్నప్పుడే తెల్లవాటికి గుడ్డపీలికలు కట్టి ఉంచాడు. తవ్వే ముందు నేను చెత్త అనుకుని అవన్నీ కోసి పారేశాను. సంగతి తెలిశాక భయమేసి, తోచిన దుబ్బులకి మళ్లీ కట్టేశాను.

ఇప్పుడు పూశాయి. తెల్ల వరసలో సగం పసుపే. "ముసలాయనకి చూపు ఆనడం లేదు" అని అమ్మగారు ఆయన్ని నెలాఖరుకి మానెయ్యమన్నారు. పక్కనే బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డాను. తాత "నీ కళ్లు బాగున్నాయిరా, ఇక నువ్వే చూసుకో" అని మట్టి తవ్వే తన బొరిగె నా చేతిలో పెట్టాడు.

మన పెరట్లో తెల్ల చేమంతి పూత కాగానే ఓ ఇరవై పిలకలు తడిగోనెలో చుట్టి పంపు. అమ్మ మోకాలు ఎలా ఉంది? నా గొడుగు బావని వాడుకోమను. చంటిదానికి ముద్దులు.

ఎదురుగా చెప్పే ధైర్యం లేక, ఈ కార్డు పోస్టు డబ్బాలో వెయ్యమని తాతకే ఇస్తున్నాను. ఎవరి కార్డు చేతికొచ్చినా చదవందే వదలడు. ఆయన చూపు నిక్షేపంలా ఉంది.

నీ తమ్ముడు